కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350: ఈ రోజుల్లో కొని నడపాలనుకునేవాళ్ళకి

కుడికాలితో గేరు వేసే పాత బుల్లెట్ వీధి మలుపు తిరగకముందే అరుగు మీద కూర్చున్నవాళ్ళకి తెలిసిపోతుంది. బండి కనబడేది తర్వాత, ముందు వినబడుతుంది. కొత్త బళ్ళు ఎన్ని వచ్చినా, వాటిలో రెట్టింపు పవరున్నా, పెట్రోల్ బంకులో పక్కన ఆగినవాడు "ఏ మోడలన్నా ఇది?" అని అడిగేది ఈ బండినే. ఆ గర్వం నిజమైనదే, దాన్ని దాచుకోనక్కర్లేదు. కాకపోతే ఆ శబ్దం ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ నుంచి రావాలి. శబ్దం కోసమే ఇంజన్‌ని పాడుచేసుకుంటున్న బళ్ళు ఎక్కువైపోయాయి. ఈ రివ్యూలో ముఖ్యంగా చెప్పాలనుకున్నది అదే.

ముందు బండి సంగతి. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. ఇంగ్లండులో అసలు కంపెనీ రాయల్ ఎన్‌ఫీల్డ్ మూతపడ్డా తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో బుల్లెట్ ఆగలేదు. 1994లో ఐషర్ చేతికి వెళ్ళాక కూడా ఇదే పోతఇనుము (కాస్ట్ ఐరన్) ఇంజన్ నడిచింది. 2010 దరిదాపుల్లో ఇంజన్, గేర్‌బాక్సు ఒకే పెట్టెలో ఉండే కొత్త యూసీఈ ఇంజన్లు దాని చోటు తీసుకున్నాయి. మధ్యలో వచ్చిన ఏవీఎల్ (అల్యూమినియం సిలిండర్) ఇంజన్ బళ్ళు వేరే జాతి, ఇక్కడ చెప్పే లెక్కలు వాటికి కుదరవు. ఇక్కడ మాట్లాడుతున్నది 346 సీసీ, నాలుగు గేర్లు, కుడివైపు షిఫ్ట్, కాంటాక్ట్ పాయింట్లు (ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టే క్షణాన్ని నిర్ణయించే స్విచ్చు), అమ్మీటర్ (కరెంటు రాకపోకలు చూపే మీటరు) ఉన్న స్టాండర్డ్ బండి గురించి.

బోరు 70 మి.మీ., స్ట్రోకు 90 మి.మీ. పిస్టన్ వెడల్పు కంటే అది తిరిగే దూరం ఎక్కువ. దానికి తోడు బరువైన ఫ్లైవీళ్ళు. ఒకటే సిలిండర్, రెండు చుట్లకి ఒక్కసారే పేలుతుంది. అంటే థ్రాటిల్ ఇవ్వకుండా ఇంజన్ తిరిగే ఐడిలింగ్‌లో, నిమిషానికి 900 చుట్ల దగ్గర, సెకనుకి ఏడెనిమిది దెబ్బలు. చెవి వాటిని విడివిడిగా పట్టుకోగలదు, అందుకే అది డుగు డుగు అని వినిపిస్తుంది. పవరు 18 బీహెచ్‌పీ మాత్రమే. 55 నుంచి 70 మధ్య టాప్ గేరులో బండి హాయిగా పోతుంది. 80 దాటాక హ్యాండిల్, ఫుట్‌రెస్టులు వణకడం మొదలవుతుంది, గంటల తరబడి అలా తోలితే నట్లు వదులవుతాయి. విజయవాడ హైవే మీద లారీలతో పోటీ పడే బండి కాదిది. పాపికొండల వైపో, అరకు ఘాట్‌లోనో మూడో గేరులో లాక్కుంటూ పోతుంటే దీని అసలు గుణం తెలుస్తుంది.

ఆ ఐడిలింగ్ మోజు

ఇప్పుడు చాలామంది బుల్లెట్ కొనగానే మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళి "బీటు ఇంకా తగ్గించు" అంటారు. థ్రాటిల్ స్టాప్ స్క్రూ వదులు చేసి, ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గు నిప్పు పెట్టే క్షణం) వెనక్కి లాగి, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఒక మాట అనేంత ఖాళీ తెప్పిస్తారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆయిల్ పంపులు తిరిగేది క్రాంక్‌షాఫ్ట్ చివరి మరచుట్టుతోనే. ఇంజన్ నెమ్మదిస్తే పంపు కూడా నెమ్మదిస్తుంది. ఇంజన్ కాగి ఆయిల్ పలచబడ్డాక అంత తక్కువ చుట్లలో బిగ్ ఎండ్‌కి (పిస్టన్ రాడ్డు క్రాంక్‌ని పట్టుకునే బేరింగ్‌కి) అందేది చాలదు. బిగ్ ఎండ్ పోయిందంటే ఫుల్ ఇంజన్ విప్పాల్సిందే: క్రాంక్ బయటికి తీసి, ప్రెస్ మీద పిన్ను కొట్టి, మళ్ళీ ట్రూ చేయించాలి. టైమింగ్ వెనక్కి ఉంటే ఇంకో నష్టం, మంట ఆలస్యంగా అంటుకుని వేడంతా ఎగ్జాస్ట్ పోర్టులో దిగుతుంది. బెండు పైపు క్రోమ్ నీలం రంగు తిరిగిందంటే టైమింగ్ గానీ మిక్స్చర్ (పెట్రోలు, గాలి పాళ్ళు) గానీ తేడా ఉందని అర్థం.

అందుకే కాగిన ఇంజన్ ఐడిలింగ్ 900 దగ్గర ఉంచుకోండి. టాకోమీటర్ లేదుగా అంటారా, పది సెకన్లలో దెబ్బలు లెక్కపెట్టండి. 70 నుంచి 80 మధ్య పడాలి. 50 పడుతుంటే బీటు అందంగా ఉన్నట్టు కాదు, బిగ్ ఎండ్ ఆయుష్షు తగ్గుతున్నట్టు.

కిక్కు

ఈ బండిని కిక్ కొట్టడంలో బలం కన్నా వరస ముఖ్యం. చుట్టూ నలుగురు చూస్తున్నప్పుడు పది కిక్కులు కొట్టి చెమటలు కక్కేవాళ్ళంతా ఈ వరస తప్పినవాళ్ళే.

తాళం తిప్పి అమ్మీటర్ ముల్లు మీద కన్ను వేయండి. కాలితో కిక్కుని మెల్లగా కిందికి నొక్కుతుంటే పాయింట్లు మూసుకున్నప్పుడు కాయిల్ కరెంటు తీసుకుని ముల్లు మైనస్ వైపు వాలుతుంది. పాయింట్లు తెరుచుకోగానే మధ్యకి వస్తుంది. పాయింట్ల క్యామ్ ఇంజన్ చుట్లలో సగం వేగంతో తిరుగుతుంది కాబట్టి ముల్లు మధ్యకి వచ్చేది ఎప్పుడూ కంప్రెషన్ మీదే, పిస్టన్ దాదాపు పైకొచ్చినప్పుడే. కాలికి కూడా గట్టిగా అడ్డు తగులుతుంది. అక్కడ ఆగి, సిలిండర్‌లోని ఒత్తిడిని వదిలేసే ఎడమ చేతి డీకంప్రెషర్ లివర్ లాగి, కిక్కుని ఇంకో రెండు అంగుళాలు కిందికి జరపండి, అంతకంటే వద్దు. పిస్టన్ శిఖరం దాటింది. లివర్ వదిలేసి, కిక్కుని పూర్తిగా పైకి రానిచ్చి, థ్రాటిల్ ముట్టుకోకుండా ఒక్క నిండు కిక్కు. చల్లటి ఇంజన్ అయితే చోక్ వేయాలి. వేడి ఇంజన్‌కి చోక్ వేస్తే ప్లగ్గు తడిసిపోతుంది.

శిఖరం దాటించడం ఎందుకంటే, పిస్టన్ మళ్ళీ కంప్రెషన్‌కి వచ్చేలోపు ఫ్లైవీళ్ళకి దాదాపు రెండు చుట్లు ఊపు దొరుకుతుంది. ఆ ఊపే ఇంజన్‌ని అంటిస్తుంది, మీ కాలు కాదు.

కిక్కు వెనక్కి తన్నిందంటే కాలిమడమకి, మోకాలికి దెబ్బే. అలా తన్నే బండికి ముందు చూడాల్సింది ఆటో అడ్వాన్స్ యూనిట్, ఇంజన్ వేగాన్నిబట్టి టైమింగ్‌ని ముందుకీ వెనక్కీ జరిపేది. డిస్ట్రిబ్యూటర్ కింద ఉన్న చిన్న బరువులు ఎండిన గ్రీజులో ఇరుక్కున్నా, స్ప్రింగులు సాగినా టైమింగ్ ముందుకి వచ్చి అక్కడే నిలిచిపోతుంది. విప్పి, కడిగి, చుక్క ఆయిల్ వేసి, చేత్తో తిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి. రాకపోతే స్ప్రింగులు మార్చండి.

పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. ముందు గ్యాప్ పెట్టి ఆ తర్వాతే టైమింగ్ పెట్టాలి, ఎందుకంటే గ్యాప్ మారితే టైమింగ్ కూడా మారుతుంది. పూర్తి రిటార్డ్‌లో, అంటే అడ్వాన్స్ యూనిట్ పూర్తిగా వెనక్కి ఉన్నప్పుడు, పిస్టన్ శిఖరానికి 0.8 మి.మీ. ముందు పాయింట్లు విడిపోవాలి. విడిపోయే క్షణం పట్టుకోవడానికి మేస్త్రీలు వాడే పద్ధతిని మించింది లేదు: పాయింట్ల మధ్య సిగరెట్ పొర కాగితం పెట్టి మెల్లగా లాగుతూ ఇంజన్ తిప్పుతారు, కాగితం ఎక్కడ జారి వస్తే అదే చోటు. ప్లగ్గు గ్యాప్ అర మిల్లీమీటర్ చాలు.

టాపెట్లు, ఆయిలు

టాపెట్లు, అంటే వాల్వుల్ని తెరిచే పుష్ రాడ్ల కింద ఉండేవి, చల్లటి ఇంజన్ మీదే సెట్ చేయాలి. రాత్రంతా నిలిపి పొద్దున్నే చేస్తే మంచిది. సిలిండర్ కుడిపక్క కింద టాపెట్ మూత ఒక్క నట్టుతో ఉంటుంది. కంప్రెషన్ మీద పిస్టన్ పైనుండగా పుష్ రాడ్‌ని రెండు వేళ్ళతో పట్టుకుంటే గిర్రున తిరగాలి, కానీ పైకీ కిందికీ ఆడకూడదు. లెక్కకి గ్యాప్ సున్నా. లాక్ నట్ బిగించేటప్పుడు అడ్జస్టర్ కూడా కాస్త తిరుగుతుంది, కాబట్టి బిగించాక మళ్ళీ తిప్పి చూడండి. టైటుగా ఉంటే వాల్వు పూర్తిగా మూసుకోదు. కంప్రెషన్ కారిపోతుంది, వేడిమీద కిక్కు అందదు, చివరికి ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది. లూజుగా ఉంటే టిక్కుటిక్కుమంటుంది, అంతే. రెండిట్లో ఏదో ఒకటి తప్పదనుకుంటే ఆ టిక్కుటిక్కే మేలు.

ఇంజన్ ఆయిల్ 20డబ్ల్యూ50, మొత్తం 2.25 లీటర్లు. ట్యాంకు ఇంజన్ కేసులోనే ఒక గది. పంపు దాన్ని క్రాంక్‌కి పంపుతుంది, కింద చేరినదాన్ని రెండో పంపు వెనక్కి తెస్తుంది. కొత్తవాళ్ళు బోల్తాపడేది ఇక్కడే. బండి రెండు వారాలు నిలిపి ఉంచితే ట్యాంకులోని ఆయిల్ మెల్లగా జారి క్రాంక్ గదిలోకి చేరుతుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ లేదు. అయ్యో అని అర లీటర్ పోస్తారు. స్టార్ట్ చేయగానే రెండో పంపు పాత ఆయిలంతా వెనక్కి తెస్తుంది, నిండిపోయి బ్రీదర్ పైపులోంచి కక్కుతుంది, వెనక టైరు దాకా నూనె. ఆయిల్ లెవెల్ ఎప్పుడూ ఐదు నిమిషాలు నడిపాకే చూడాలి. నిలిపిన బండి స్టార్ట్ చేసినప్పుడు మొదటి రెండు నిమిషాలు నీలం పొగ రావడం కూడా ఇందుకే, దానికి కంగారు పడనక్కర్లేదు. పొగ ఆగకపోతేనే రింగులో, వాల్వ్ గైడ్లో అరిగాయని అర్థం.

ఆయిల్‌ని వడకట్టే ఫెల్ట్ ఫిల్టర్ మార్చేటప్పుడు స్ప్రింగు, వాషర్లు, క్యాపు వచ్చిన వరసలోనే తిరిగి పెట్టాలి. వరస తప్పితే ఆయిల్ దారి మూసుకుపోతుంది. టైమింగ్ కవర్ విప్పిన ప్రతిసారీ అక్కడి నుంచి క్రాంక్‌షాఫ్ట్‌లోకి ఆయిల్ వెళ్ళే చోట ఉన్న చిన్న సీల్ మార్చేయండి. వెలలో అది చాలా చిన్నది, కానీ అది నలిగితే బిగ్ ఎండ్‌కి వెళ్ళాల్సిన ఆయిల్ పక్కకి పోతుంది. విప్పి బిగించాక రాకర్లకి వెళ్ళే పైపు పైబోల్టు కొంచెం వదులు చేసి ఇంజన్ నడపండి, ఆయిల్ ఊరితే సర్క్యులేషన్ ఉన్నట్టు. ఊరకపోతే వెంటనే ఆపేయాలి.

"బుల్లెట్ అన్నాక ఆయిల్ కారుతుంది" అనే మాట సగమే నిజం. ఇంజన్ నుంచి క్లచ్‌కి వెళ్ళే ప్రైమరీ చెయిన్ కవర్ మధ్యలో ఒకే ఒక్క నట్టు ఉంటుంది. కారుతోందని దాన్ని ఇంకా ఇంకా బిగిస్తారు, కవరు వంగిపోతుంది, ఇంకా కారుతుంది. రబ్బరు ప్యాకింగ్ కొత్తది వేసి, గాడిలో సరిగ్గా కూర్చోబెట్టి, మామూలుగా బిగిస్తే చుక్క కారదు. లోపల 420 మి.లీ. ఆయిల్ చాలు. ఎక్కువ పోస్తే క్లచ్ జారుతుంది. గేర్‌బాక్సు సంగతి వేరు. అది మొదట్లో గ్రీజులాంటి చిక్కటి పదార్థంతో నడిచేలా చేసిన పెట్టె, ఉత్త ఈపీ 90 గేరాయిల్ పోస్తే కిక్ షాఫ్ట్ దగ్గర చెమ్మ వస్తుంది. చాలామంది మేస్త్రీలు పలచటి గ్రీజు, ఈపీ 90 కలిపి వేస్తారు, అది పనిచేస్తుంది.

కుడికాలు అలవాటు

గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఒకటో గేరు పైకి, మిగతా మూడూ కిందికి. ఎడమ గేరు బళ్ళు నడిపినవాళ్ళకి మొదటి వారం నిజంగా ప్రమాదం. గేదె అడ్డొచ్చిందనుకోండి, అలవాటు కొద్దీ కుడికాలు కిందికి నొక్కుతారు. బ్రేకు పడదు సరికదా, గేరు పెరుగుతుంది. కనీసం రెండు వందల కిలోమీటర్లు ఖాళీ రోడ్ల మీద నడిపాకే ఊళ్ళోకి తీసుకురండి.

గేరు లివర్ పక్కనే మడమకింద ఉండే న్యూట్రల్ ఫైండర్ ఈ బండికి ఉన్న ఒక వైభోగం. సిగ్నల్ దగ్గర రెండులోనో, మూడులోనో, నాలుగులోనో ఉండగానే క్లచ్ పట్టి మడమతో ఒక్క నొక్కు, సూటిగా న్యూట్రల్. ఒకటో గేరులో మాత్రం పనిచేయదు, అక్కడ బలవంతం చేయకండి. గేర్ల మధ్య బండి జారి ఊరికే అరుస్తుంటే గేర్లు పోయాయని ఎవరైనా అంటే వెంటనే నమ్మకండి. బయటి కవర్ విప్పి స్టాప్ ప్లేటు ఒక పిసరు జరిపితే చాలాసార్లు సరిపోతుంది.

బ్రేకుల విషయంలో పొగడ్తకి చోటు లేదు. ముందు డ్రమ్ము ఆరంగుళాల పాత రకమైతే 50లో పోతున్నప్పుడే ముందుచూపు కావాలి. ఏడంగుళాల రెండు క్యామ్‌ల డ్రమ్ము నయం, అదీ రెండు షూలు ఒకేసారి తగిలేలా మధ్య రాడ్డు సరిచేస్తేనే. చక్రం పైకెత్తి, బ్రేకు పట్టి, ఒక్కో క్యామ్ లివర్‌ని చేత్తో కదిపి చూడండి. ఒకటి వదులుగా ఆడుతోందంటే సగం బ్రేకు పనిచేయడం లేదు. ఈ బండిలో మొదటి ఖర్చు క్రోమ్ మీద కాదు, బ్రేక్ షూల మీద పెట్టాలి.

కొనేటప్పుడు

ముందే చెప్పి వెళ్ళండి, "ఇంజన్ స్టార్ట్ చేయొద్దు, చల్లగా ఉండాలి" అని. వెళ్ళగానే సిలిండర్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి. చల్లటి ఇంజన్‌లో పిస్టన్ చప్పుడు వచ్చి కాగాక తగ్గితే బోరు కాస్త అరిగింది, హాఫ్ ఇంజన్ పనితో (క్రాంక్ కదపకుండా పైభాగం మాత్రమే విప్పి చేసేది) పోతుంది. టాప్ గేరులో 40 దగ్గర థ్రాటిల్ ఇచ్చినప్పుడు లోపల్నుంచి బరువైన ఠక్ ఠక్ వచ్చి కాగినా తగ్గకపోతే అది బిగ్ ఎండే. ఆ ఖర్చు ధరలోంచి తీసేయమనండి, లేదా వదిలేయండి.

ట్యాంకు మీద గీతల్ని దగ్గరగా చూడండి. ఫ్యాక్టరీలో బంగారు గీతలు కుంచెతో చేత్తో గీసేవారు. అసలు ట్యాంకు మీద గీత మందం ఒక్కచోట జుట్టంత పెరుగుతుంది, మలుపు దగ్గర కుంచె ఎత్తి మళ్ళీ పెట్టిన జాడ ఉంటుంది, కుడి ఎడమలు అచ్చుగుద్దినట్టు ఉండవు. స్టిక్కరు గీత అంచు గోటికి తగులుతుంది. అసలు రంగు కాస్త వెలిసినా ఉంచుకోండి, మళ్ళీ వేయించకండి. తెలిసినవాళ్ళ కళ్ళు ఆగేది ఆ గీత దగ్గరే.

కాగితాలు ఇంజన్ కన్నా ముఖ్యం. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు రెండూ ఆర్‌సీతో అక్షరం అక్షరం కలవాలి. 15 ఏళ్ళు దాటిన బండికి రిజిస్ట్రేషన్ ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించాలి, బండిని ఆర్టీఓ ఆఫీసులో చూపించాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. బయటి రాష్ట్రం బండైతే ఎన్‌ఓసీతో (అక్కడి ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రంతో) పాటు ఇక్కడ జీవితకాల పన్ను కూడా లెక్కలో వేసుకోండి. "మిలటరీ వేలం బండి" అని చెబితే వేలం కాగితం చూపించమనండి, చూపించలేకపోతే ఆ మాటకి విలువ లేదు.

స్పేర్లకి కొదవ లేదు. లేత్ పని, బోరింగ్, క్రాంక్ పని విజయవాడ ఆటోనగర్‌లో బాగా జరుగుతాయి. ఎక్కడా దొరకని ముక్కలు ఢిల్లీ కరోల్ బాగ్‌లో దొరుకుతాయి. చవక రకం పాయింట్లు, వాటి మీద నిప్పురవ్వలు లేవకుండా చూసే కండెన్సర్లు మాత్రం వద్దు. దారిలో ఆగిపోయే పాత బుల్లెట్లలో చాలావాటి జబ్బు కండెన్సరే. ఒక మంచి కండెన్సర్, పాయింట్ల సెట్టు, ప్లగ్గు, క్లచ్ కేబుల్, ఫీలర్ గేజ్ టూల్ బాక్సులో ఉంచుకోండి.

సైలెన్సర్ మార్చకండి. పొగని అడ్డులేకుండా వదిలే ఫ్రీ ఫ్లో సైలెన్సర్ పెట్టి, కార్బురేటర్ జెట్ మార్చకపోతే మిక్స్చర్ పలచబడి హెడ్డు కాగుతుంది. అసలు పొడుగు సైలెన్సర్‌లోంచి వచ్చే మెత్తటి మోత వీధి చివరిదాకా వినబడుతూనే ఉంటుంది, ఇంట్లో పసిపిల్ల మాత్రం ఉలిక్కిపడి లేవదు. పైగా మోత కోసం లోపల విప్పేసిన సైలెన్సర్లని పోలీసులు రోడ్ రోలర్ కింద తొక్కిస్తున్నారు, అసలు సైలెన్సర్ పోగొట్టుకుంటే మళ్ళీ అంత మందం రేకుది దొరకదు.

ఇథనాల్ కలిపిన పెట్రోల్‌తో పాత ట్యాంకులకి తిప్పలు ఉన్నాయి. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది, నెలల తరబడి సగం ట్యాంకుతో నిలిపితే లోపల తుప్పు. పాత రబ్బరు పైపు మెత్తబడుతుంది. పైపు కొత్తది వేసి, మధ్యలో చిన్న ఫిల్టర్ పెట్టించండి.

నెల రోజులు బండి తీయరనుకోండి. పెట్రోల్ ట్యాప్ మూసి, కార్బురేటర్‌లో ఉన్నది అయిపోయేదాకా ఇంజన్ నడిపి ఆపండి. బ్యాటరీ వైరు తీసేముందు తాళం తిప్పి, కిక్కుతో ముల్లు మధ్యకి వచ్చేచోట పిస్టన్ నిలపండి. అప్పుడు రెండు వాల్వులూ మూసి ఉంటాయి, గాలితేమ బోరులోకి పోదు. మళ్ళీ తీసే రోజు డీకంప్రెషర్ పట్టుకుని పదిసార్లు కిక్కు ఊరికే తిప్పి, ఆ తర్వాతే తాళం తిప్పండి.